ఓటీటీల్లో ఏది ఏడాదంతా ఉంచాలి, ఏది నెల చూసి ఆపేయాలి: తెలుగు ఇంటికి ఒక లెక్క

"ఒక్కటే తీస్కుందాం అనుకుంటున్నాం, ఏది బెటర్?" అని అడిగేవాళ్ళని నేను ముందు ఒకటి అడుగుతా, పుష్ప రెండు పార్టులూ ఏ యాప్‌లో వచ్చాయో చెప్పండి అని. మొదటిది 2022 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది, రెండోది 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అదే హీరో, అదే డైరెక్టర్, కథ కూడా అదే, సబ్‌స్క్రిప్షన్లు మాత్రం రెండు. ఆర్ఆర్ఆర్ వచ్చినప్పుడు తెలుగు జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. కల్కి తెలుగు ప్రైమ్‌లో, హిందీ మళ్ళీ నెట్‌ఫ్లిక్స్‌లో. సలార్ దీనికి రివర్స్, తెలుగు నెట్‌ఫ్లిక్స్‌కి పోయింది, హిందీ హాట్‌స్టార్‌కి పోయింది. సంక్రాంతికి వస్తున్నాం జీ5 పట్టుకెళ్ళింది.

అంటే ఒక్క యాప్ పెట్టుకుంటే తెలుగు సినిమాలన్నీ ఇంటికొచ్చేస్తాయి అనేది జరగని పని. భాషకో రేటు, దేశానికో రేటు పెట్టి హక్కులు అమ్ముతారు, మనం చూసే సినిమా ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. అలాగని అన్నీ కట్టుకుంటూ పోతే ఎంతవుతుందో ఓసారి చూడండి: నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ నెలకి 499 లెక్కన ఏడాదికి 5,988, ప్రైమ్ 1,499, జియోహాట్‌స్టార్ ప్రీమియం మొదలైనప్పటి రేటు ప్రకారమే 1,499. ఈ మూడూ కలిపితేనే 8,986. ఇందులో ఆహా లేదు, జీ5 లేదు, ఈటీవీ విన్ లేదు, సోనీ లివ్ లేదు, నెట్ బిల్లు లేదు.

అందుకే బెస్ట్ ఏది అన్న గొడవ వదిలేయండి. మీ ఇంట్లో రోజూ వాడేది ఒక్కటి తేల్చుకుని దాన్ని ఏడాదికి కట్టండి, మిగతావి చూడాల్సింది పోగైన నెల కట్టి, చూసేసి, ఆపేయండి. నేను చెప్పేది మొత్తం ఇదే, కింద ఉన్నదంతా ఆ ఒక్కటి ఏదో, మిగతావి ఎప్పుడో తేల్చుకోడానికి.

## కట్టే ముందు చూస్కోవాల్సినవి

ఎవరు చూస్తారు, దేని మీద చూస్తారు. ఫోన్‌లో ఒక్కరే చూసేదానికి, హాల్లో టీవీ మీద అమ్మానాన్న పిల్లలు అందరూ చూసేదానికి ప్లాన్ ఒకటి కాదు. మొబైల్ ప్లాన్ చీప్‌గా ఉందని తీస్కుని తర్వాత టీవీలో రావట్లేదేంటి అని తల పట్టుకునేవాళ్ళు బోలెడుమంది. ఇంకోటి, వీడియో కాపీ కొట్టకుండా ఫోన్‌లో వైడ్‌వైన్ అని ఒక తాళం ఉంటుంది, కొన్ని తక్కువ రేటు ఫోన్లలో దాని పై రకం ఎల్1 ఉండదు, కింది రకం ఎల్3 మాత్రమే ఉంటుంది, అలాంటి ఫోన్‌లో మీరు ఎంత పెద్ద ప్లాన్ కట్టినా హెచ్‌డీ రాదు. ప్లే స్టోర్‌లో డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ ఉంది, అందులో చూస్కుంటే మీ ఫోన్ సంగతి తెలిసిపోతుంది.

తెలుగు ఆడియో. యాప్‌లో సినిమా ఉండటం వేరు, అది తెలుగులో ఉండటం వేరు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే సబ్‌టైటిల్స్ పని చెయ్యవు, వాళ్ళకి అది లేనట్టే లెక్క.

యాడ్స్. డబ్బులు కట్టాం కాబట్టి యాడ్స్ రావు అనుకునే రోజులు పోయాయి. ఏ ప్లాన్‌లో వస్తాయో, లైవ్‌లో వస్తాయో లేదో చూస్కోండి.

నెలకి కట్టొచ్చా, ఏడాదికే కట్టాలా. ఏడాది ప్లాన్ చీప్‌గా కనిపిస్తుంది. కానీ చూసేది మూడు నెలలే అయితే అదే ఖరీదు.

మీ నెట్. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు చెప్పే లెక్క ప్రకారం మామూలు క్వాలిటీలో గంటకి 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా అవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద బతికేవాళ్ళు టీవీకి హాట్‌స్పాట్ ఇచ్చి హెచ్‌డీ పెడితే ఇంటర్వెల్ కూడా రాకముందే డేటా అయిపోతుంది. స్పీడ్ అయితే మరీ ఎక్కువ అక్కర్లేదు, ఫుల్ హెచ్‌డీకి (1080) 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలు అంటారు వాళ్ళే, కాబట్టి ఓటీటీ కోసమని 300 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మబోతే కొంచెం ఆలోచించండి.

"మా దగ్గర వేల టైటిల్స్ ఉన్నాయి" అనే మాటని మాత్రం అస్సలు లెక్కలోకి తీస్కోకండి. వేలల్లో మీరు చూసేవి ఇరవయ్యో ముప్పయ్యో.

## ఒక్క చూపులో

| యాప్ | రేటు | యాడ్స్ | దేనికి బాగుంటుంది | ఎక్కడ తేలిపోతుంది |
|---|---|---|---|---|
| నెట్‌ఫ్లిక్స్ | నెలకి 149 (మొబైల్), 199, 499, 649 | ఉండవు | పెద్ద తెలుగు సినిమాలు, ఇంగ్లీషు, కొరియన్ | పాత తెలుగు తక్కువ, అకౌంట్ ఒక ఇంటికే |
| ప్రైమ్ | నెలకి 299, మూడు నెలలకి 599, ఏడాదికి 1,499, లైట్ 799 | వస్తాయి, తీసేయాలంటే ఎక్స్‌ట్రా | తెలుగు సినిమాలు, పైగా షాపింగ్ డెలివరీ | రెంట్ సినిమాలు మధ్యలో కలిసిపోతాయి |
| జియోహాట్‌స్టార్ | మొదలైనప్పుడు మొబైల్ మూడు నెలలకి 149, సూపర్ 299 | ప్రీమియంలో తప్ప వస్తాయి, లైవ్‌లో మాత్రం అందులోనూ వస్తాయి | క్రికెట్, బిగ్ బాస్, స్టార్ మా సీరియల్స్ | క్రికెట్ లేని నెలల్లో వాడకం తగ్గుతుంది |
| ఆహా | ప్లాన్‌ని బట్టి | ప్లాన్‌ని బట్టి | తెలుగు షోలు, మలయాళం డబ్బింగ్‌లు | పెద్ద సినిమాలు తక్కువ |
| ఈటీవీ విన్ | ప్లాన్‌ని బట్టి | ప్లాన్‌ని బట్టి | ఇంటిల్లిపాదీ చూసే కథలు, ఈటీవీ షోలు | కొత్తవి నెమ్మదిగా వస్తాయి |
| జీ5, సన్ నెక్స్ట్, సోనీ లివ్ | ప్లాన్‌ని బట్టి | ప్లాన్‌ని బట్టి | ఒక్కో సినిమా, ఒక్కో సిరీస్ కోసం | ఏడాది కట్టేంత సరుకు అందరికీ ఉండదు |

ఈ రేట్లు ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంటారు, ముఖ్యంగా జియోహాట్‌స్టార్, ఆహా వాళ్ళవి. కట్టే రోజు యాప్‌లో ఓసారి చూస్కోండి.

## నెట్‌ఫ్లిక్స్: 199 ప్లాన్ దగ్గరే ఆగండి

2016లో ఇండియాకి వచ్చినప్పుడు ఇది డబ్బున్నవాళ్ళ యాప్ అనే పేరుండేది. 2021 డిసెంబర్‌లో రేట్లు బాగా తగ్గించారు, బేసిక్ 499 నుంచి ఏకంగా 199కి దించారు. చాలామందికి ఇప్పటికీ తెలీని విషయం ఏంటంటే ఈ 199 ప్లాన్ టీవీలో కూడా వస్తుంది, యాడ్స్ ఉండవు, కాకపోతే 720పి క్వాలిటీ, ఒకసారికి ఒక్క స్క్రీన్. 43 అంగుళాల టీవీలో దూరంగా కూర్చుని చూస్తే మామూలు మనిషికి పెద్ద తేడా తెలీదు, 55 దాటితే కొంచెం మెత్తగా కనిపిస్తుంది. 149 మొబైల్ ప్లాన్‌కీ దీనికీ తేడా యాభై రూపాయలే, ఆ యాభై కోసం టీవీ వదులుకోకండి.

499 ఎవరికంటే ఇంట్లో ఒకేసారి ఇద్దరు వేరేవేరే చూసేవాళ్ళకి. 649 ఎవరికంటే 4కే టీవీ ఉండి నలుగురూ వాడేవాళ్ళకి, మిగతావాళ్ళకి అది దండగ.

ఫ్రెండ్స్ నలుగురు కలిసి పంచుకునే పద్ధతి 2023 జూలై నుంచి ఇండియాలో కుదరట్లేదు, అకౌంట్ ఒక ఇంటికే అన్నారు. హైదరాబాద్‌లో కొడుకు, రాజమండ్రిలో అమ్మానాన్న ఒకే అకౌంట్ వాడదామంటే అడ్డుపడుతుంది.

తెలుగు సినిమాల విషయంలో ఈమధ్య వీళ్ళ చెయ్యి పెద్దది. సలార్, దేవర, పుష్ప 2, డాకు మహారాజ్, తండేల్, కోర్ట్, హిట్ 3, ఓజీ ఇవన్నీ ఇక్కడికే వచ్చాయి. కానీ తెలుగులోనే తీసిన సొంత సిరీస్‌లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వెంకటేష్, రానా ఇద్దరినీ పెట్టి రానా నాయుడు తీశారా, అది కూడా హిందీలో తీసి మనకి డబ్బింగ్ ఇచ్చారు.

నా సలహా: ఏడాదంతా అక్కర్లేదు. నెలవారీ కట్టే సదుపాయం ఉంది కాబట్టి రెండు మూడు మంచి సినిమాలు పోగయ్యాక ఒక నెల కట్టండి, అన్నీ చూసేసి ఆపేయండి. ఏడాదికి నాలుగు నెలలు కడితే 796.

## ప్రైమ్: ఇప్పటికీ గిట్టుబాటే, కానీ మునుపటి ప్రైమ్ కాదు

2016 డిసెంబర్‌లో ప్రైమ్ వీడియో మొదలైనప్పుడు ఏడాదికి 499. తర్వాత 999 అయింది, 2021 డిసెంబర్‌లో 1,499 అయింది. 2023 ఏప్రిల్‌లో నెల ప్లాన్ 179 నుంచి 299కి పెంచారు కానీ ఏడాది ప్లాన్ ముట్టుకోలేదు, అంటే మిమ్మల్ని ఏడాదికి కట్టించాలని వాళ్ళ ఉద్దేశం, అందులో దాపరికం ఏమీ లేదు. నెలకి 299 కట్టి చూసేకన్నా ఏడాదికి కట్టడమే నయం, ఐదు నెలలు కడితే ఏడాది డబ్బులకి నాలుగు రూపాయలే తక్కువ.

అసలు మార్పు 2025 జూన్ 17న వచ్చింది, ఆ రోజు నుంచి మామూలు ప్రైమ్ వాళ్ళకి కూడా సినిమాల మధ్యలో యాడ్స్ మొదలెట్టారు. యాడ్స్ వద్దంటే నెలకి ఇంకో 129 కట్టమన్నారు, ఏడాదికైతే మొదలెట్టినప్పుడు 699 పెట్టారు. అంటే అంతకుముందు రోజుదాకా 1,499లో ఉన్నదే ఆ రేటు ప్రకారం 2,198 అయింది. రేటు పెంచలేదు అని చెప్పుకుంటూనే రేటు పెంచడం అంటే ఇదే. సబ్‌స్క్రిప్షన్ వల్ల కస్టమర్‌కి ఏం ఒరిగింది అని ఎవరైనా వాదన పెట్టుకుంటే ముందు ఈ ఉదాహరణ చెప్పండి, మనం కొన్న వస్తువు మనం కొన్నాక కూడా మారిపోతూ ఉంటుంది.

రెండో చికాకు రెంట్. 2022 నుంచి ప్రైమ్‌లోనే సినిమాలు అద్దెకి పెట్టే స్టోర్ కూడా ఉంది, ఇంకా వేరే కంపెనీల ఛానల్స్‌ని యాడ్-ఆన్‌గా అమ్ముతారు. సెర్చ్ కొడితే అన్నీ కలిసే వస్తాయి. పెద్దవాళ్ళు రిమోట్ పట్టుకుని "ప్రైమ్ ఉంది కదా మళ్ళీ డబ్బులడుగుతోందేంటి" అంటారు. సెట్టింగ్స్‌లో పర్చేజ్‌కి పిన్ పెట్టేయండి, పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

ఇన్ని చెప్పినా ఏడాదంతా ఉంచుకునే ఒక్కటి ఏది అంటే అమెజాన్‌లో తరచూ కొనే ఇంటికి నేను దీన్నే చెప్తా. కల్కి, కుబేర, గేమ్ ఛేంజర్, హరిహర వీరమల్లు లాంటివి ఇక్కడికే వచ్చాయి, మలయాళం, తమిళం సరుకు గట్టిగా ఉంటుంది, ధూత లాంటి సిరీస్ ఉంది. షాపింగ్ చెయ్యనివాళ్ళకి మాత్రం లెక్క మారిపోతుంది. లైట్ 799 ఉంది కదా అంటారు, అందులో ఒకసారికి ఒక్క డివైస్, యాడ్స్ ఎటూ ఉంటాయి, ఒక్కరే ఉండేవాళ్ళకి అది చాలు.

## జియోహాట్‌స్టార్: క్రికెట్ సీజన్‌కి కట్టండి

2023 ఐపీఎల్ జియోసినిమాలో ఊరందరికీ ఫ్రీగా వేశారు, గుర్తుందా? అప్పుడు హాట్‌స్టార్ ఒకళ్ళది, జియోసినిమా ఇంకొకళ్ళది, ఇద్దరూ కొట్టుకుంటుంటే మనకి ఫ్రీ. 2024 నవంబర్‌లో రెండు కంపెనీలూ ఒకటైపోయాయి, 2025 ఫిబ్రవరి 14న రెండు యాప్‌లూ కలిపి జియోహాట్‌స్టార్ అన్నారు, ఆ తర్వాత వచ్చిన ఐపీఎల్‌కి కట్టాల్సొచ్చింది, లేదా రీఛార్జ్‌తో కలిపి తీస్కోవాల్సొచ్చింది. ఎంపిక తగ్గితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఐపీఎల్ హక్కులు 2027 దాకా వీళ్ళవే, కాబట్టి ఇంట్లో క్రికెట్ పిచ్చోళ్ళుంటే తప్పదు. తెలుగు కామెంటరీ ఉంటుంది. ఆసియా కప్పు లాంటివి మాత్రం సోనీ లివ్ వైపు ఉంటాయి, ఒక్కదానితో క్రికెట్ మొత్తం అయిపోతుంది అనుకోకండి. తెలుగు టైటాన్స్ ఆడే కబడ్డీ కూడా జియోహాట్‌స్టార్‌లోనే.

ఇంకో బలం స్టార్ మా. బిగ్ బాస్ తెలుగు, సీరియల్స్ చూసేవాళ్ళు ఉన్న ఇంట్లో ఇదే రోజూ నడిచే యాప్, అలాంటి ఇంటికి ఏడాదంతా ఉంచాల్సింది ప్రైమ్ కాదు, ఇది. సేవ్ ద టైగర్స్ లాంటి కామెడీ సిరీస్‌లు కూడా ఉన్నాయి. ప్రీమియం తీస్కున్నా లైవ్ మ్యాచ్‌లో యాడ్స్ వస్తాయి, కాబట్టి క్రికెట్ ఒక్కదాని కోసం ప్రీమియం కట్టడం అనవసరం, సూపర్ సరిపోతుంది. ఐపీఎల్ మార్చి నుంచి మే దాకా, మూడు నెలల ప్లాన్ దానికి సరిగ్గా అతుకుతుంది.

## ఆహా, ఈటీవీ విన్: మన యాప్‌లు

ఆహా 2020 ఉగాదికి పూర్తిగా మొదలైంది, అల్లు అరవింద్ గారు, మై హోమ్ వాళ్ళు కలిసి పెట్టారు. ఏడాదికి 365, రోజుకి రూపాయి అన్నారు అప్పట్లో. సరిగ్గా లాక్‌డౌన్ పడిన టైమ్, జనం ఇంట్లో, చేతిలో ఫోన్. ఆ ఏడాది అక్టోబర్‌లో థియేటర్ చూడకుండా నేరుగా ఆహాలో వచ్చిన కలర్ ఫోటో తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కొట్టింది. అన్‌స్టాపబుల్‌లో బాలకృష్ణ గారు హోస్ట్‌గా కుర్చీలో కూర్చుంటే జనం ఎలా చూశారో చెప్పక్కర్లేదు. తెలుగు ఇండియన్ ఐడల్ ఇంటిల్లిపాదీ చూసే షో.

కానీ నిజం మాట్లాడుకుందాం, పెద్ద హీరో సినిమా వేలంలో ఆహా నెట్‌ఫ్లిక్స్‌తో పోటీ పడలేదు. అందుకని దీన్ని పెద్ద సినిమాల కోసం తీస్కోకండి. షో సీజన్ నడిచేటప్పుడు, లేదా మలయాళం థ్రిల్లర్లు తెలుగులో చూడాలనిపించినప్పుడు తీస్కోండి.

ఈటీవీ విన్ గురించి జనం 2024 జనవరిలో మాట్లాడుకోవడం మొదలెట్టారు, శివాజీ నటించిన 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్ వచ్చినప్పుడు. పెద్ద బడ్జెట్ లేదు, చంపుకోడాలు లేవు, మార్కుల గొడవ, ఇంటి బడ్జెట్ గొడవ, అంతే. బూతులు లేకుండా అమ్మానాన్నతో కూర్చుని చూడగలిగే సిరీస్‌లు తెలుగులో ఎన్నున్నాయి చెప్పండి? ఆ ఖాళీ వీళ్ళు పట్టుకున్నారు. ఈటీవీ పాత ప్రోగ్రాములు చూసే అలవాటున్న పెద్దవాళ్ళకి ఇదొక్కటి పెట్టిస్తే సరిపోతుంది.

## జీ5, సన్ నెక్స్ట్, సోనీ లివ్

వీటి గురించి పెద్దగా చెప్పను. జీ తెలుగు సీరియల్స్ రోజూ చూసేవాళ్ళకి జీ5 అవసరం, మిగతావాళ్ళకి సినిమా వచ్చిన నెల చాలు. సంక్రాంతికి వస్తున్నాం అయితే 2025 మార్చి 1న జీ5లోనూ జీ తెలుగులోనూ ఒకే రోజు వేశారు, కేబుల్ ఉన్నవాళ్ళకి యాప్‌తో పనే లేకపోయింది. సన్ నెక్స్ట్ అంటే జెమినీ వాళ్ళ లైబ్రరీ, పాత సినిమాల మీద మక్కువ ఉంటే చూడండి. సోనీ లివ్‌లో త్రిష చేసిన బృంద, దేవా కట్టా మయసభ బాగా ఆడాయి, ఆ రెండూ ఒకే నెలలో చూసేయొచ్చు.

డబ్బులు కట్టని దారి కూడా ఉంది, యూట్యూబ్. ఎన్టీఆర్, ఏఎన్ఆర్ కాలం సినిమాలు, ఎనభైల సినిమాలు పెద్ద ఓటీటీల్లో వెతికితే అంతగా దొరకవు, యూట్యూబ్‌లో నిర్మాతల ఛానళ్ళలో, వీడియో కంపెనీల ఛానళ్ళలో ఫ్రీగా దొరుకుతాయి. పాత సినిమాలే చూసే ఇంటికి 149 పెట్టి యూట్యూబ్ ప్రీమియం తీస్కోవడం ఏ ఓటీటీ కన్నా తెలివైన పని అని నా అభిప్రాయం.

## సరే, వీటివల్ల సినిమా బాగుపడిందా పాడైందా

రెండూ జరిగాయి, కాకపోతే ఒకేసారి జరగలేదు.

2020, 2021లో థియేటర్లు మూసి ఉన్నప్పుడు ఓటీటీలు చేతికందిన సినిమా కొన్నాయి. నాని చేసిన 'వి', తర్వాత టక్ జగదీష్, వెంకటేష్ నారప్ప, దృశ్యం 2 నేరుగా యాప్‌లోకి వచ్చాయి. పెద్దవాటి కన్నా లాభపడ్డది చిన్న సినిమాలు. మిడిల్ క్లాస్ మెలొడీస్, ఉమామహేశ్వర ఉగ్రరూపస్య, సినిమా బండి, ఇవి మామూలు రోజుల్లో అయితే శుక్రవారం వచ్చి సోమవారానికి థియేటర్లో కనపడకుండా పోయేవి. గుంటూరు టిఫిన్ సెంటర్ కథ, అరకు ఫోటో స్టూడియో కథ అందరిళ్ళలోకీ వెళ్ళాయి. మలయాళం మిన్నల్ మురళిని తెలుగు డబ్బింగ్‌లో చూసి మనవాళ్ళు మలయాళం మీద పడ్డది కూడా ఆ రోజుల్లోనే. ప్రేక్షకుడికి ఎంపిక పెరిగింది అంటే అప్పుడు పెరిగింది.

తర్వాత థియేటర్లు తెరుచుకున్నాయి, జనం "నాలుగు వారాలాగితే ఓటీటీలో వస్తుందిగా" అనడం మొదలెట్టారు. నిర్మాతలకి మంట పుట్టి 2022 ఆగస్టు 1 నుంచి షూటింగులే ఆపేశారు, పెట్టిన డిమాండ్లలో ఓటీటీ గడువు ఒకటి. ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి ఇవ్వాలని అనుకున్నారు. మరి ఆ మాట నిలబడిందా? గేమ్ ఛేంజర్ 2025 జనవరి 10న రిలీజైంది, ఫిబ్రవరి 7కి ప్రైమ్‌లో ఉంది, నాలుగు వారాలు. పుష్ప 2 ఎనిమిది వారాలు ఆగిందంటే అది హిందీలో పెద్ద మల్టీప్లెక్సుల వాళ్ళు ఎనిమిది వారాల లోపు ఓటీటీకి ఇస్తే సినిమా వెయ్యం అని కూర్చుంటారు కాబట్టి. హిందీ మార్కెట్ ఉన్న సినిమాకి ఒక రూలు, లేని సినిమాకి ఒక రూలు.

ఇప్పుడు యాప్‌ల వాళ్ళకి కూడా తెలివొచ్చింది, చిన్న సినిమాని ముందే గుడ్డిగా కొనే రోజులు పోయాయి, థియేటర్లో ఏమైందో చూసి మాట్లాడతారు. స్టార్ లేని సినిమాకి ఓటీటీ డబ్బు ముందే వస్తుందన్న భరోసా లేదు. అంటే 2020లో ఏ చిన్న సినిమాల వల్ల మనం ఓటీటీకి అలవాటు పడ్డామో, ఆ చిన్న సినిమాలకే ఇప్పుడు తలుపు సగం మూసి ఉంది.

సిరీస్‌ల విషయంలో నాకు ఇంకో కంప్లయింట్ ఉంది, రెండు గంటల కథని ఎనిమిది ఎపిసోడ్లు లాగడం. మూడో ఎపిసోడ్ నుంచి ఆరో ఎపిసోడ్ దాకా ఫోన్ చూస్కుంటూ కూర్చున్నా కథేం పోదు. అందుకే కొత్త సిరీస్ వచ్చిన రోజే సబ్‌స్క్రిప్షన్ కట్టకండి, వారం ఆగండి, చూసినవాళ్ళు ఏమన్నారో విని అప్పుడు కట్టండి, అది ఎక్కడికీ పోదు. సినిమాలు అలా కాదు, వాటికి లైసెన్స్ గడువుంటుంది, ఎప్పుడో చూద్దాంలే అని లిస్టులో పెట్టుకున్నది ఒకరోజు మాయమవుతుంది. కాబట్టి కట్టిన నెలలో ముందు సినిమాలు, తర్వాత ఆ యాప్ సొంత సిరీస్‌లు, ఈ వరసలో చూడండి.

ఇదంతా భరించలేకే జనం పైరసీ సైట్లకి పోయారు, ఒప్పుకుందాం. ఐబొమ్మకి అంత ఆదరణ రావడానికి ఫ్రీ అవ్వడం ఒక్కటే కారణం కాదు, అన్ని సినిమాలూ ఒకేచోట ఉండటం కూడా. 2025 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు దాన్ని నడిపిన కేసులో ఒకతన్ని అరెస్ట్ చేశారు. పైరసీ తప్పే, బెట్టింగ్ యాడ్స్ గొడవ, ఫోన్‌కి వైరస్ గొడవ వేరే. కానీ ఒకేచోట అన్నీ పెట్టి న్యాయమైన రేటు అడిగే యాప్ ఈరోజుకీ లేదు.

## మీరు ఎవరైతే ఏది

హాస్టల్లో, రూమ్‌లో ఉండే కుర్రాళ్ళు. మీ రీఛార్జ్‌తో ఏం వస్తుందో ముందు చూస్కోండి, జియోహాట్‌స్టార్ మొబైల్ చాలాసార్లు దాంట్లోనే ఉంటుంది. మళ్ళీ విడిగా కట్టకండి. పైన ప్రైమ్ లైట్, సినిమా పడ్డ నెల నెట్‌ఫ్లిక్స్ 199. రూమ్‌లో నలుగురూ ఒకే టీవీలో చూస్తే మనిషికి యాభై.

పెద్దవాళ్ళతో ఉండే ఇల్లు. ముందు వాళ్ళు ఏ ఛానల్ సీరియల్స్ చూస్తారో అడగండి. స్టార్ మా అయితే జియోహాట్‌స్టార్, జీ తెలుగు అయితే జీ5, ఈటీవీ అయితే విన్. మీ ఇష్టాలు రెండోది. రోజూ టీవీ ముందు ఉండేది వాళ్ళే, వారానికో సినిమా చూసే మీరు కాదు.

చిన్నపిల్లలున్న ఇల్లు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీలు వయసు రేటింగ్ చూపించాలి, యూ/ఏ 13+ వాటికీ, ఆ పైనున్న వాటికీ లాక్ సదుపాయం ఇవ్వాలి. లాక్ ఉంటుంది, పెట్టుకోవాల్సింది మనం. కిడ్స్ ప్రొఫైల్ పెట్టి మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టకపోతే ఏ ఉపయోగం లేదు, ఐదేళ్ళ పిల్ల కూడా పక్క బొమ్మ నొక్కేస్తుంది.

సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు. ప్రైమ్ ఏడాదికి 1,499, నెట్‌ఫ్లిక్స్ బేసిక్ నాలుగు నెలలు 796, ఐపీఎల్‌కి హాట్‌స్టార్ సూపర్ మూడు నెలలు మొదటి రేటు ప్రకారం 299. మొత్తం 2,594. పైన చెప్పినట్టు ఈ మూడూ పెద్ద ప్లాన్లతో ఏడాదంతా ఉంచితే 8,986 అయిన దగ్గర ఇది. మిగిలిన ఆరువేల పైచిలుకుతో నచ్చిన సినిమాలు థియేటర్లో చూడండి, ఆ సౌండ్ ఇంట్లో రాదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండేవాళ్ళు. ఇక్కడి లెక్క మీకు పని చెయ్యదు. హక్కులు దేశానికో రకంగా అమ్ముతారు, ఇండియాలో ఒక యాప్‌లో ఉన్నది మీ దగ్గర ఇంకో యాప్‌లో ఉండొచ్చు. అమెరికాలో హాట్‌స్టార్‌ని 2022లోనే ఆపేసి సరుకు హులూకి మార్చారు. ఇక్కడి చుట్టాలు చెప్పింది విని ఏడాదికి కట్టేయకండి, మీ దేశంలో సెర్చ్ చేసి అప్పుడు కట్టండి. సంక్రాంతికి ఊరొచ్చే మూడు వారాల కోసం అమ్మానాన్న టీవీలో నెల ప్లాన్ వేయిస్తే చాలు.

## బండిల్ ఆఫర్లు, ఆటోపే

జియో, ఎయిర్‌టెల్, ఏసీటీ లాంటి వాళ్ళు నెట్‌తో పాటు పది పదిహేను ఓటీటీలు ఫ్రీ అంటారు. లిస్టు పొడుగ్గా ఉంటుంది, అందులో మీరు పేరు విన్నవి ఎన్నో లెక్కపెట్టండి. రెండోది, ఏ ప్లాన్ ఇస్తున్నారో చదవండి, నెట్‌ఫ్లిక్స్ అని రాసి చాలాచోట్ల బేసిక్ ఇస్తారు, హాట్‌స్టార్ అని రాసి మొబైల్ ఇస్తారు. మీకు ఎటూ ఆ స్పీడ్ నెట్ కావాలంటే బండిల్ మంచిదే, ఓటీటీ కోసమని రెండొందలు ఎక్కువ పెట్టి పెద్ద ప్లాన్‌కి వెళ్తే మాత్రం ఆ రెండొందలకి 199 ప్లాన్ విడిగా కట్టొచ్చు, నచ్చనప్పుడు ఆపేయొచ్చు. బండిల్‌ని అలా ఆపలేం.

నెల కట్టి ఆపేయడం అన్నాను కదా, అందులో అసలు పని ఆపేయడం. కట్టిన రోజే క్యాన్సిల్ కొట్టేయండి. చాలా యాప్‌లలో క్యాన్సిల్ చేసినా కట్టిన గడువు అయ్యేదాకా చూడొచ్చు, కట్టేముందు అది ఒక్కసారి చదువుకోండి చాలు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, డబ్బులు పోతూనే ఉంటాయి. యూపీఐతో కట్టి ఉంటే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే అని ఒక చోటుంటుంది, అక్కడ మీరు మర్చిపోయిన పాతవి కూడా కనిపిస్తాయి, అక్కడి నుంచే ఆపొచ్చు. కార్డు అయితే ఆర్‌బీఐ రూల్ ప్రకారం డబ్బు కట్ అవ్వడానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలి, ఆ మెసేజ్‌ని ప్రమోషన్ అనుకుని తుడిచేయకండి.

క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో దొరక్కుండా దాచడం, తీస్కోవడం ఒక్క నొక్కుడు, వదిలించుకోవడం పది నొక్కుళ్ళు, ఇలాంటి వాటిని 2023 నవంబర్‌లో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ కింద నిషేధించింది, సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అని అందులో పేరు పెట్టి మరీ ఉంది. అలా ఎవరైనా తిప్పుతుంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1915కి ఫోన్ చెయ్యండి, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.